ముసురు పట్టిన రోజున మన పసివాడు

మృగశిర వెళ్ళి ఆరుద్ర కార్తె వచ్చిందంటే పినపాక ప్రాంతంలో ఆకాశం రంగు మారుతుంది. ఒక పక్క గోదావరి, మరో పక్క అడవి, ఈ రెంటి మధ్య వాగులు. ఒకసారి ముసురు పట్టిందంటే రెండు రోజులో, మూడు రోజులో, ఒక్కోసారి వారమో వదలదు. వాగు పొంగితే ఊరికీ ఊరికీ దారి ఉండదు. కరెంటు పోతుంది. పొలం పని ఆగుతుంది. సంత సాగదు. మణుగూరు ఉపరితల గనుల్లో నీరు చేరితే బొగ్గు తీయడం నిలిచిపోతుంది. ఇవన్నీ పత్రికల్లో వస్తాయి. రావలసినవే.

కాని పత్రికల్లో రాని సంగతి ఒకటుంది. ఆ రోజులన్నీ నాలుగు గోడల మధ్య ఉండిపోయిన పసివాడి సంగతి. బడికి వెళ్ళే పిల్లలకు వాన అంటే సెలవు. వాళ్ళు కాగితం పడవలు చేసుకుంటారు, తడుస్తారు, తిట్లు తింటారు, సంతోషిస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లవాడికి సెలవంటే ఏమిటో తెలియదు. నిన్నటిదాకా వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తాడు. ఇవాళ తలుపు మూశారు. ఎందుకు మూశారో చెప్పినా వాడికి అర్థం కాదు. కనుక ఏడుస్తాడు, గిన్నెలు లాగుతాడు, పిండిడబ్బా ఒలకబోస్తాడు. పొయ్యి ముందు పొగలో సతమతమవుతున్న తల్లి వాడికి రెండు దెబ్బలు వేస్తుంది. లేదా సెల్‌ఫోను చేతిలో పెడుతుంది. ఇల్లు సద్దుమణుగుతుంది.

ఆ సద్దుమణగడం గురించే మేము ఈ శుక్రవారం నాలుగు మాటలు చెప్పదలచాము. వరదలు, పంటలు, ధరలు వంటి పెద్ద సమస్యలుండగా పసివాడి ఆటపాటలకు పత్రికలో చోటా అని కొందరు అడగవచ్చు. చోటు ఉండాలనే మా అభిప్రాయం. ఎందుకంటే వానరోజున పసివాడిని ఎలా ఉంచామన్న దానిలో వాడి ప్రాణభద్రత ఉంది, వాడి ఎదుగుదల ఉంది, వాడి నాలుకపై నిలవవలసిన భాష ఉంది, అన్నిటికీ మించి ఇంట్లో తల్లికి దక్కవలసిన న్యాయం ఉంది.

అల్లరి నేరం కాదు

పసివాడు కుదురుగా కూర్చోకపోవడం చెడ్డ బుద్ధి అని మనలో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ వయసులో కదలిక వాడికి అన్నం వంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్ళలోపు పిల్లల గురించి కొన్ని సూచనలు వెలువరించింది. ఏడాది నిండినప్పటి నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు, ఏదో ఒక రూపంలో కదులుతూ ఆడాలని అందులో చెప్పారు. ఏకబిగిన గంటకు మించి వాళ్ళను కదలకుండా కట్టిపెట్టరాదని కూడా చెప్పారు. ఏడాది నుంచి రెండేళ్ళ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి.

ఇప్పుడు లెక్క వేయండి. వాకిలి మూసి ఉన్న రోజున ఆ మూడు గంటల కదలిక ఎక్కడి నుంచి వస్తుంది? మనం వాడికి దారి చూపకపోతే వాడే దారి చూసుకుంటాడు. మంచం మీద నుంచి దూకడం, గడప దాటి వానలోకి పరుగెత్తడం, అటక నిచ్చెన ఎక్కడం ఆ దారులే. పగలంతా కదలిక లేని పిల్లవాడికి రాత్రి నిద్ర సరిగా పట్టదు. వాడు నిద్రపోకపోతే తల్లీ నిద్రపోదు. మరునాడు ఇద్దరికీ చికాకే. ముసురు మూడో రోజుకు ఇల్లంతా కయ్యాల కొంపగా మారడానికి సగం కారణం ఇదే కదా!

ఫోను అనే ఆయా

ఇప్పుడు మన ఊళ్ళలో పూరింట్లో సైతం ఒక స్మార్ట్‌ఫోను ఉంటోంది. దూరాన ఉన్న కొడుకు ముఖం చూడటానికి, సర్కారు కబురు తెలుసుకోవడానికి, డబ్బు పంపుకోవడానికి అది ఎంతో మేలు చేస్తోంది. దాన్ని మేము తిట్టడం లేదు. కాని దాన్ని పసివాడికి ఆయాగా నియమించడాన్ని మాత్రం ఒప్పుకోలేము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది పిల్లలకు తెర చూపించడం తగదన్నది. రెండేళ్ళు నిండిన తరువాత కూడా రోజుకు గంటకు మించరాదని, తక్కువైతే మరీ మంచిదని చెప్పింది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన సలహా కూడా ఇంచుమించు ఇదే. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దు. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు ముఖాముఖి మాట్లాడించడం వేరు. రెండు నుంచి అయిదేళ్ళ దాకా గంటకు లోపే, అదీ పెద్దవారు పక్కన ఉండగా.

కారణం కష్టమైనదేమీ కాదు. పసివాడు మాట నేర్చుకునేది వినడం వల్ల మాత్రమే కాదు, తను అన్నదానికి ఎవరో బదులు పలకడం వల్ల. వాడు "బూ" అంటే అమ్మీ "నీళ్ళా, నాన్నా? పానీ కావాలా?" అంటుంది. అలా మాటకు మాట అల్లుకుంటుంది. ఫోనులోని బొమ్మ వాడేమన్నా తన పాట తను పాడుకుపోతుంది. వాడు చూపించిన వేలు వైపు అది చూడదు. వాడు నవ్వితే అది నవ్వదు.

మన ప్రాంతానికి సంబంధించి మరో మాట కూడా ఉంది. గాలివానకు కరెంటు పోయి ఒకటి రెండు రోజులు రాకపోవడం ఇక్కడ కొత్త కాదు. బొమ్మలు చూపించి చూపించి ఫోను చార్జింగు అయిపోయాక, అర్ధరాత్రి వాగు నీరు వాడలోకి వస్తే కబురు ఎలా అందుతుంది? పురిటి నొప్పులో, పాము కాటో, పిల్లవాడికి మూర్ఛో వస్తే 108కి ఎవరు ఫోను చేస్తారు? ముసురు రోజున ఫోను బొమ్మ కాదు, ప్రాణం కాచే దీపం. దాని నూనె కాపాడుకోవాలి.

ముందు ప్రాణభద్రత

ఆటల సంగతికి ముందు నీటి సంగతి చెప్పుకోవాలి. పిల్లలు నీట మునిగిపోవడం అనగానే మనకు గోదావరి గుర్తుకు వస్తుంది, వాగు గుర్తుకు వస్తుంది. కాని ఏడాది, రెండేళ్ళ పిల్లవాడికి గోదావరి అక్కరలేదు. సగం నిండిన బకెట్టు చాలు. ఆ వయసులో తల బరువు ఎక్కువ, కాళ్ళలో పట్టు తక్కువ. బకెట్టులోకి వంగి తలకిందులైతే తిరిగి లేవలేడు. కేక వేయలేడు కూడా. పక్క గదిలో ఉన్నవారికి వినపడదు. చూరు నీళ్ళు పట్టడానికి వసారాలో వరుసగా గంగాళాలు, డ్రమ్ములు, బకెట్లు పెట్టే ఇళ్ళు మనవి. కనుక ప్రతి పాత్రకూ మూత పెట్టాలి, లేదా అక్కరలేని నీటిని పారబోసి బోర్లించాలి. దీనివల్ల రెండో లాభం కూడా ఉంది. డెంగీ తెచ్చే దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నిలవ నీటిలోనే. అది పగటిపూట కుట్టే దోమ. అందుకే పసివాడికి పగటి నిద్రలో కూడా దోమతెర కట్టాలి. ఒళ్ళంతా కప్పే చొక్కా వేయాలి.

పెరటి బావికి గట్టు ఉండాలి. ఇంటి పక్కన మట్టి తవ్విన గుంత వాననీటితో నిండితే దాని చుట్టూ ముళ్ళకంపైనా వేయాలి. తడిసిన గోడకు వేసిన స్విచ్చు బోర్డు వైపు, తేమకు విద్యుత్తు పాకే ఇనుప తలుపు వైపు పిల్లవాడిని పోనివ్వరాదు. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోని రోజున కిరసనాయిలు వాడేవారు ఆ సీసాను పిల్లవాడికి అందనంత ఎత్తున పెట్టాలి. మంచినీళ్ళ సీసాలో కిరసనాయిలు పోసి పెట్టే అలవాటు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? వరద నీరు కలిసిన బావి నీళ్ళు కాచి చల్లార్చకుండా పసివాడికి పట్టరాదు.

ఇంట్లోనే ఉన్న ఆట వస్తువులు

ఇక ఆటలు. బజారులో కొన్న బొమ్మలు లేవే అని ఏ తల్లీ దిగులుపడనక్కరలేదు. రెండేళ్ళ పిల్లవాడికి బొమ్మ మీద మోజు ఒక పూట. పెద్దవాళ్ళు వాడే వస్తువు మీద మోజు రోజూ ఉంటుంది. ఇటలీ దేశపు విద్యావేత్త మారియా మాంటిస్సోరి చెప్పినదీ ఇదే. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయారు. పసివాడికి నిజమైన పని ఇవ్వండి, వాడు దానిలో మునిగిపోతాడన్నది ఆమె బోధన సారం.

కాబట్టి వంటింట్లో పని చేసుకునే తల్లి పిల్లవాడిని వంటింటి నుంచి తరిమే బదులు పొయ్యికి దూరంగా ఒక మూల చాప వేసి వాడి రాజ్యం వాడికి ఇవ్వవచ్చు. నాలుగు గిన్నెలు, రెండు గరిటెలు, ఒక చాట, ఒక జల్లెడ చాలు. చిన్న గిన్నె పెద్ద గిన్నెలో పడుతుంది, పెద్దది చిన్నదానిలో పట్టదు అన్న సత్యాన్ని వాడు గంటసేపు పరీక్షిస్తాడు. రొట్టెలు చేసేటప్పుడు నిమ్మకాయంత పిండి ముద్ద ఇస్తే నొక్కుతాడు, సాగదీస్తాడు, పాము చేస్తాడు. ఆ పిండిలో చిటికెడు పసుపు కలిపితే అది కొత్త ఆట. ఉతికి ఆరిన బట్టలు మడిచేటప్పుడు "అబ్బా లుంగీ ఏది? దాదీ దుపట్టా ఏది?" అని అడిగితే వెతికి తెచ్చి ఇస్తాడు. ఆ పనిలో పరుగూ ఉంది, మాటా ఉంది, రంగుల గుర్తింపూ ఉంది.

రెండు కుర్చీల మీద పాత దుప్పటి పరిస్తే గుడారం. దానిలోకి దూరడం, బయటికి రావడం, దాక్కోవడం. ఇంత ఇరుకు ఇంట్లో మూడు గంటల కదలిక ఎలా అని అడిగేవారికి జవాబు ఇక్కడ ఉంది. నేల మీద దిండ్లు వరుసగా వేసి వాటి మీద నుంచి దాటించడం, సుద్దముక్కతో గీసిన గీత మీద నడిపించడం, గుడ్డ బంతిని గంపలో వేయించడం, ఉప్పుమూట ఎత్తుకుని గదంతా తిప్పడం. ఒక్కొక్కటీ పది నిమిషాలు. పది నిమిషాలకు విసుగు వస్తే మరొకటి. పసివాడి ఆటలన్నీ ఇలా కొసరు కొసరుగానే సాగాలి.

వానను కూడా వాడికి చూపించాలి. అది మన శత్రువు కాదు కదా! వసారాలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూరు నుంచి కారే ధారను అరచేత పట్టించండి. రేకు మీద వాన చప్పుడు వేరు, తాటాకు మీద వేరు, మట్టి మీద వేరు. చెవికి ఇంతకంటె మంచి పాఠం ఉండదు. పళ్ళెంలో రెండు వేళ్ళ లోతున నీళ్ళు పోసి పాత పేపరుతో చేసిన పడవ వదిలితే వాడి కళ్ళు చూడాలి. పక్కన కూర్చోవాలి సుమా! ఆట కాగానే నీళ్ళు పారబోయాలి. వాన తెరపి ఇచ్చిన పావుగంటలో వాకిట్లోకి తీసుకుపోయి మఖమల్ గుడ్డలా ఎర్రగా మెరిసే ఆరుద్ర పురుగును చూపించండి. చూపించి వదిలేయండి. ప్రాణిని హింసించరాదన్న పాఠం కూడా అక్కడే అబ్బుతుంది.

ఒక హెచ్చరిక. పెద్ద పిల్లలు ఆడుకునే చింతగింజలు, గవ్వలు, గోళీలు మూడేళ్ళలోపు పిల్లవాడికి అందరాదు. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. వేరుశనగ గింజలు కూడా ఆ వయసుకు ప్రమాదమే. వాడి నోట పట్టనంత పెద్ద వస్తువే వాడికి ఆట వస్తువు. రిమోటు, గడియారం, వెలిగే బొమ్మలలో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ మింగితే పేగులు, గొంతు కాలిపోతాయి. అటువంటి బొమ్మ ఇంట్లో ఉంటే మూత బిగువుగా ఉందో లేదో ఈ పూటే చూడండి.

రెండు భాషల ఇల్లు

మన ఇళ్ళలో దక్కనీ ఉర్దూ మాట్లాడతాము. గడప దాటితే తెలుగు. సంతలో కోయ మాట కూడా చెవిన పడుతుంది. ఇది భారం కాదు, భాగ్యం. పసివయసులో రెండు భాషలు వింటూ పెరిగిన పిల్లవాడు రెండింటినీ తన సొంతం చేసుకుంటాడు. మొదట్లో కలగాపులగంగా మాట్లాడితే కంగారు పడనక్కరలేదు. కాని దానికి రెండు భాషలలోనూ మనుషులు వాడితో మాట్లాడాలి.

వానరోజు ఆ పనికి అనువైనది. నానీ లేక దాదీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని తను చిన్నప్పుడు విన్న కథ ఉర్దూలో చెబుతుంది. పక్కింటి అక్క తెలుగులో నక్క కథ చెబుతుంది. కథ అర్థం కాకపోయినా కథ చెప్పే గొంతు అర్థమవుతుంది. కాకి ఎలా అరుస్తుంది, మేక ఎలా అరుస్తుంది, అజాన్ ఎలా ఇస్తారు అని అడిగితే చెవి మీద చేయి పెట్టుకుని ఆ పసివాడు చూపించే ముచ్చటకు ఏ తెర సాటి వస్తుంది? ఇప్పుడు కొన్ని ఇళ్ళలో పిల్లలకు అమ్మీ భాషా రావడం లేదు, ఊరి భాషా రావడం లేదు. ఫోనులోని బొమ్మలు పలికే ఏదో భాష వస్తోంది. రేపు దాదీతో ఏ మాటలో మాట్లాడతాడు? బడిలో పంతులమ్మతో ఏ మాటలో మాట్లాడతాడు?

ఇది తల్లి ఒక్కదాని పనేనా?

ఇంతవరకు చదివిన అక్కచెల్లెళ్ళు మనసులో ఏమనుకుంటున్నారో మేము ఊహించగలము. "వంట, అంట్లు, తడిబట్టలు, కారుతున్న కప్పు, మంచాన ఉన్న అత్తగారు. ఇన్నిటి మధ్య గుడారాలు కట్టి ఆడించే తీరిక ఎక్కడిది?" అని. ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. ఫోను చేతికి ఇచ్చిన తల్లిని నిందించడం మా ఉద్దేశం కాదు. ఆమెకు మరో చేయి ఆసరా లేదు కనుక ఇచ్చింది.

ఆ మరో చేయి ఎక్కడ ఉంది? ఇంట్లోనే ఉంది. వానకు పని ఆగిపోయిన తండ్రి ఆ రోజు ఇంట్లోనే ఉంటాడు. దుకాణం తెరిచినా బేరం లేదు. సంత లేదు. కూలి లేదు. అయినా మంచం మీద పడుకుని "వాడి ఏడుపు మానిపించు" అని లోపలికి కేక వేస్తాడు. పసివాడిని ఆడించడం ఆడవాళ్ళ పని అని, మగవాడు మోకాళ్ళ మీద గుర్రమై తిరిగితే లోకువైపోతాడని మనలో ఒక అపోహ ఉంది.

ఈ అపోహకు మన ధర్మంలో చోటు లేదు. ప్రవక్త (స) సజ్దాలో ఉండగా మనవడు వీపు మీదికి ఎక్కితే, ఆ బాలుడు తన ముచ్చట తీర్చుకుని దిగేవరకు సజ్దాను పొడిగించారని హదీసులో ఉంది. మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేయించారని, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించారని సహీ హదీసులు చెబుతున్నాయి. తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని గొప్పగా చెప్పుకున్న అఖ్రా బిన్ హాబిస్‌కు, దయ చూపని వాడికి దయ దక్కదని ఆయన బదులిచ్చారు. పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న చిన్నవాడిని ఆ పిట్ట పేరుతోనే పలకరించారు. లోకానికే నాయకుడైన వాడికి రాని లోకువతనం మనకు వస్తుందా?

ముసురు రోజుకే సంబంధించిన మరో విషయం. ఒక శుక్రవారం జోరున వాన కురుస్తుండగా హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్‌ను పిలిచి, జనాన్ని మసీదుకు రమ్మనే బదులు ఇళ్ళలోనే నమాజు చేసుకోమని ప్రకటించమన్నారు. బురదలో, జారుడులో ప్రజలను ఇబ్బంది పెట్టడం తనకు ఇష్టం లేదని, తనకంటె ఎంతో ఉత్తములైన ప్రవక్త (స) ఇలాగే చేశారని చెప్పారు. జోరువాన రోజున ఇంట్లో ఉండటానికి ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, ఆ ఇంట్లో ఉన్న సమయం ఎవరికి దక్కాలి? మంచానికా, ఫోనుకా, కన్నబిడ్డకా?

ఇమామ్ గజాలీ తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే, పిల్లవాడికి ఆట లేకుండా ఎప్పుడూ చదువే అంటే వాడి మనసు చచ్చిపోతుందని, తెలివి మందగిస్తుందని రాశారు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. 1992లో మన దేశం దానిలో చేరింది. గజాలీ మాటకూ ఈ ఒడంబడికకూ మధ్య ఎన్నో శతాబ్దాలు గడిచాయి. మాట మాత్రం ఒక్కటే.

మేము తండ్రులను అడిగేది పెద్ద త్యాగమేమీ కాదు. వానరోజున ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఆ రెండు గంటలు పసివాడు పూర్తిగా అబ్బా వంతు. ఆ సమయంలో తల్లి వంట చేసుకుంటుందో, నమాజు ప్రశాంతంగా చేసుకుంటుందో, కాసేపు నడుము వాలుస్తుందో ఆమె ఇష్టం. చాచా, మామూ, ఫుప్పీ ఎవరు ఇంట్లో ఉంటే వారికీ తలా ఒక అరగంట. ఇంట్లో ఆరుగురు ఉన్నప్పుడు ఒక్కరే అలిసిపోవడం ఏమి న్యాయం?

వాడకట్టు ఏం చేయగలదు

ఇంటి పని ఇంటివారు చేస్తే, వాడ పని వాడవారు చేయాలి. మన సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. మనకంటె ఎక్కువ వాన, ఎక్కువ నీళ్ళు ఉన్న బంగ్లాదేశ్‌లో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకు నీట మునగడం ప్రధాన కారణాల్లో ఒకటి. తల్లులు ఇంటిపనిలో ఉండే ఉదయపు వేళల్లోనే ఈ ప్రమాదాలు ఎక్కువని అక్కడివారు గుర్తించారు. అందుకని ఊళ్ళోనే ఒక ఇంట్లో, తర్ఫీదు పొందిన ఒక స్త్రీ దగ్గర, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా చిన్నపిల్లలను కూర్చి ఆడించే ఏర్పాటు చేశారు. దానికి 'ఆంచల్' అని పేరు. అంటే తల్లి కొంగు. పెద్ద భవనం లేదు, ఖర్చయిన సామాను లేదు. కనిపెట్టుకుని ఉండే రెండు కళ్ళు ఉన్నాయి.

మన దేశంలో అంగన్‌వాడీ అన్న ఆలోచన కూడా ఇటువంటి అడవి పల్లె నుంచే పుట్టింది. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు మహిళలు 1945లో బొర్డిలోను, 1957 నుంచి కోస్బాడ్‌లోను ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకుపోయారు. గులకరాళ్ళు, ఆకులు, గింజలు వారి పాఠ్య పరికరాలు. ఆ తరువాత 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అంగన్‌వాడీలు వచ్చాయి. కాని అక్కడ ఆటపాటల చదువు మూడేళ్ళు నిండిన వారికి. అంతకంటె చిన్నవారికి ఇంటికిచ్చే పోషకాహారం, టీకాలు, తూకం. వాగు దాటలేని రోజున అవీ అందవు. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 'నవచేతన' పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా పిల్లలను ఇంట్లోనే ఆటలతో ఎలా పెంచాలో తెలిపే కార్యాచరణను విడుదల చేసింది. ఆ ఆటలను వానాకాలానికి ముందే తమకు చూపించమని మన అక్కచెల్లెళ్ళు అంగన్‌వాడీ టీచరును అడగాలి. అడగడం మన హక్కు.

వరద మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022లో ఎన్నో కుటుంబాలు ఇల్లు వదిలి పునరావాస కేంద్రాలకు చేరాయి. అటువంటి చోట బియ్యం ఇస్తారు, దుప్పట్లు ఇస్తారు. ముక్కూ మొహం తెలియని జనం మధ్య, బెదిరిపోయిన రెండేళ్ళ పిల్లవాడికి ఏమిస్తారు? మనమే ముందుగా సిద్ధం చేసుకోవాలి. రెండవ హెచ్చరిక నాటికి సర్దుకునే మూటలో రేషన్ కార్డు, మందులతోపాటు వాడు పట్టుకుని పడుకునే పాత దుప్పటి, వాడి గ్లాసు, ఒక గుడ్డ బంతి కూడా పెట్టండి. కొత్త చోట వాడి భయం తీర్చేవి ఆ మూడే.

వాడకట్టులో నాలుగిళ్ళవారు కలిసి మరొకటి చేయవచ్చు. ముసురు రోజున గట్టి కప్పు ఉన్న ఒక ఇంటి వసారాను రెండు గంటలు పసివాళ్ళకు వదలాలి. ఈ పూట ఒకరు కనిపెట్టుకుంటే రేపు మరొకరు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి చదివే పిల్లలు సెలవు రోజున కథలు చెబుతారు. అయితే ఒక పెద్దమనిషి తప్పక ఉండాలి, పసివాళ్ళను చిన్నపిల్లల మీద వదిలివేయరాదు. మనవాళ్ళు, హిందువులు, కోయవారు అన్న తేడా అక్కడ ఎందుకు? వాన అందరి కప్పు మీదా ఒకేలా పడుతుంది. పసివాళ్ళు అందరూ ఒకేలా నవ్వుతారు. ఇక మసీదు కమిటీ పెద్దలు వానాకాలానికి ముందు వచ్చే జుమా ప్రసంగాల్లో ఒకదానిలో నీటి పాత్రలకు మూతల గురించి, బావి గట్టు గురించి, తండ్రుల రెండు గంటల గురించి చెప్పించితే ఎంత బాగుంటుంది!

మేము కోరేది

పసివాడికి ఈ వయసు మళ్ళీ రాదు. వాడికి కావలసినది ఖరీదైన బొమ్మ కాదు, మన చూపు. మన చేయి. మన మాట. వానరోజున ఇవి మూడూ ఇంట్లోనే ఉంటాయి. వేరే పనుల మీద తిరిగే రోజుల్లో దొరకని తీరికను ఆ ముసురే మనకు ఇస్తోంది.

ప్రవక్త (స) వాన కురిసినప్పుడు దాన్ని మేలు చేసే వానగా కురిపించమని అల్లాహ్‌ను వేడుకునేవారు. పొలానికి మేలు చేసే వానను మనమూ కోరుకుంటాము. మన గుమ్మం లోపల ఉన్న లేత మొలకకు కూడా ఆ వాన మేలు చేయాలంటే, అది మన చేతుల్లో ఉన్న పని. ఈసారి ముసురు పట్టినప్పుడు తండ్రులారా, ముందు బకెట్లకు మూతలు పెట్టండి. ఫోనును అటక మీద పెట్టండి. తరువాత పసివాడిని భుజానికెత్తుకోండి.